పడవను పిలిచే తీరు

భానోజీ మాస్టారికి వచ్చిన చిక్కు పైకి చూస్తే చాలా చిన్నది. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి బడి మానేసింది. గోదావరి లంకల్లో ఆడపిల్ల బడి మానెయ్యడం ఎవరూ వింతగా చెప్పుకునే సంగతి కాదు. కానీ కృపావతి మానేసింది ఆయన పాఠం మధ్యలో. పుస్తకం మూసి, సంచీ భుజాన వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి మరీ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ వేళ చెప్పింది ఇంగ్లీషు పాఠం. పని ఎలా జరిగిందో చెప్పే మాటలు, క్రియా విశేషణాలు. భానోజీకి ఆ పాఠమంటే ప్రాణం. ట్రైనింగులో ఉండగా ఆ పాఠం చెప్పి మొదటి బహుమతి కొట్టాడు. ఇక్కడికి ఉద్యోగానికి రాగానే పెద్ద అట్ట ఒకటి తెచ్చి, గోడ పట్టినంత మేర అవే మాటలు రంగురంగుల సిరాతో రాసి అతికించాడు. స్లోలీ, క్విక్లీ, సాఫ్ట్లీ, లౌడ్లీ, బ్యూటిఫుల్లీ. రోజూ పిల్లలు వాటిని ఒక్క గొంతుతో చదివేవారు.

"చూడండర్రా," అన్నాడు ఆ వేళ. "మనం 'నెమ్మదిగా నడిచాడు' అంటాం. ఎలా అన్నది ముందొస్తుంది, నడక వెనకొస్తుంది. ఇంగ్లీషువాడు 'హీ వాక్డ్ స్లోలీ' అంటాడు. మనిషి నడిచి వెళ్ళిపోయాక అప్పుడు చెప్తాడు, ఎలా నడిచాడో."

పిల్లలు నవ్వారు. తలా ఒక వాక్యం సొంతంగా రాయమన్నాడు. వెనక బెంచీ కుర్రాడొకడు తమ గేదె బ్యూటిఫుల్లీ తింటుందని రాశాడు. దానికీ నవ్వారు. తరవాత కృపావతి పుస్తకం అందుకుని పైకి చదివాడు.

"మై ఫాదర్ కాల్డ్ ద బోట్ క్విక్లీ."

"పిలవడం క్విక్లీ ఏవిటమ్మా? పరిగెత్తితే క్విక్లీ. పిలిస్తే లౌడ్లీ." ఎర్రసిరాతో ఆ మాట కొట్టేసి పైన కొత్త మాట రాశాడు. ఊరుకున్నా బాగుండేది. పిల్లల్ని నవ్విద్దామని ఇంకో మాట కలిపాడు. "మీ నాన్నకి చెప్పు, గట్టిగా పిలిస్తేనే పడవ వస్తుందని!"

ఎవరూ నవ్వలేదు. ముప్పైమంది పిల్లలూ ఆయన వంక చూడ్డం మానేసి, కిటికీలోంచి ఏటివైపు చూశారు.

కబురు పంపితే కృపావతి తల్లి గుమ్మంలోకైనా రాలేదు. "రాదు బాబూ" అని లోపల్నించే అంది. తరగతిలో మిగిలిన పిల్లలు అట్ట మీది మాటలు చదువుతూనే ఉన్నారు గాని, గుసగుసగా, ఎవరో వింటారేమో అన్నట్టు చదువుతున్నారు. భానోజీకి అన్నం సయించలేదు. తను చేసిన తప్పేమిటో ఎంత వెతికినా దొరకలేదు. వ్యాకరణం ప్రకారం దిద్దిన దిద్దుబాటు సరైనదే!

చివరికి ఒక సాయంత్రం తన గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

ప్రభుదాసు మాస్టారు ఆ లంకలోనే పుట్టినవాడు. ఏటి అవతల పట్నంలో హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెప్పి, ఉద్యోగం అయిపోయాక తిరిగొచ్చి రేవు గట్టున పూరిల్లు వేసుకున్నాడు. భానోజీ చేత ఏబీసీడీలు దిద్దించింది ఆయనే. వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని కొబ్బరాకులు చీల్చి చీపురుపుల్లలు గీరుతున్నాడు.

"రారా. గోడకి అట్ట అతికించావట?"

"అవునండి మాస్టారూ. చూశారా?"

"చూడ్డమెందుకూ, ఇక్కడికి వినపడుతోందిగా. మొదట్లో గొర్రెలమంద అనుకున్నాను."

భానోజీ నవ్వలేకపోయాడు. జరిగిందంతా చెప్పాడు. వాక్యం చెప్పాడు, తను దిద్దింది చెప్పాడు, వేసిన హాస్యం కూడా దాచకుండా చెప్పాడు. మాస్టారి చేతిలో కత్తి ఆగింది.

"ఆ పిల్ల తండ్రి ఎవరో తెలుసా నీకు?"

"తెలియదండి. నేనొచ్చి నాలుగు నెల్లేగా అయింది."

"ఏసోబు. పోయినేడు మంచుకాలంలో తెల్లారకట్టే వల తీసుకుని అదిగో, ఆ ఇసకతిప్ప మీదికెళ్ళాడు. కట్టుకొయ్య జారి వాడి దోనె కొట్టుకుపోయింది. పోటు మొదలైంది. తిప్ప మునిగిపోతుంటే పడవ కోసం పిలిచాడు."

"వినపడలేదాండీ?"

"నేను పట్నంలో ఉన్నాను. ఊరంతా విన్నారు."

"వింటే మరి..."

"ఎవరూ వెళ్ళలేదు." మాస్టారు గీరిన పుల్లలు కట్టకట్టి పక్కన పెట్టాడు. "ఆ పిల్ల 'మా నాన్న గొంతే' అంటూ గుమ్మందాకా పరిగెత్తింది. తల్లి పట్టుకుని నోరు మూసింది."

భానోజీకి ఏమీ అర్థం కాలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగాడు.

"పొద్దున్నే రా," అన్నాడు మాస్టారు. "మంచు విడవకముందే."

తిరిగి వెళ్తుంటే రేవులో పోతయ్య కనిపించాడు. ఏరు దాటించే పడవ ఆయనదే. మోకులు చుట్ట చుడుతున్నాడు. భానోజీ ఉండబట్టలేక ఆయన్నీ అడిగాడు.

పోతయ్య తలెత్తి చూశాడు. ఏటి మీద అప్పుడే పల్చగా పొగలాంటిది లేస్తోంది.

"మంచులో హడావిడిగా పిలిచే గొంతు మనిషిది కాదండి. ఆయ్. నీళ్ళల్లో పోయినోళ్ళు అలా పిలుత్తారు. మనిషయితే తీరిగ్గా పిలుత్తాడు. ఓసారి పిలిచి, ఊపిరి తీసుకుని, గొంతు దించి, మళ్ళీ పిలుత్తాడు. మేం 'వత్తన్నానో' అంటాం. అప్పుడెళ్తాం. మా తాతల్నాడు హడావిడి పిలుపుకి ఎల్లిన పడవలు తిరిగి రాలేదంటండి. అప్పట్నుంచీ అదే కట్టుబాటు."

"ఏసోబు గొంతని గుర్తుపట్టలేదా?"

"పట్టాం బాబూ. అదేగదండీ భయం. నీళ్ళు తీసుకున్నోళ్ళు తెలిసిన గొంతుతోనే పిలుత్తారంట." పోతయ్య మోకు వదిలేసి మొహం తుడుచుకున్నాడు. "మంచు విడిచాక ఎల్లాం. తిప్పే లేదండి, నీళ్ళే. ఇప్పుడు మంచు దిగితే సాలు, పిలుత్తానే ఉంటాడు. అలాగే, హడావిడిగా. ఇప్పుడైతే ఇంక ఎల్లేవోడెవడండి?"

భానోజీ జాలిపడ్డాడు. లోలోపల కొంచెం నవ్వుకున్నాడు కూడా. ఈ లంకవాళ్ళు పడవను సాగదీసి పిలుస్తుంటే ఎన్నిసార్లో విన్నాడు. నిద్రలో ఆవలించినట్టు ఉంటుంది. బద్ధకం అనుకున్నాడు. అదా సంగతి! నెమ్మదిగా పిలవడానికేముంది? తెలిసుంటే ఏసోబు బతికేవాడు. తెలిసే ఉండాలి, ఈ ఊరివాడేగా. తెలిసీ పిలవలేకపోయాడంటే వట్టి పిరికితనం.

ఆ మాట పైకి అనలేదు గాని, అనుకున్నాడు.

పొద్దున లేచేసరికి ఊరు లేదు. మంచు అంత దట్టంగా పట్టింది. చెయ్యి చాపితే చేతివేళ్ళు కనపడని మంచు. పాకల చూరుల్నించి చుక్కలు పడే చప్పుడు తప్ప ఏమీ వినపడ్డం లేదు. కుక్కలు కూడా మొరగడం లేదు. భానోజీ కంచె పట్టుకుని తడుముకుంటూ రేవుకి చేరాడు. మాస్టారు చిన్న దోనెలో, పడవ నెట్టే గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎక్కు."

ఎక్కాడు. మాస్టారు గెడ వేశాడు. నీళ్ళు ఎటు పారుతున్నాయో తెలియలేదు. కాసేపటికి దోనె అడుగు ఇసకని రాసుకుని ఆగింది.

"దిగు."

"ఇక్కడాండీ?"

"తిప్ప. దిగు. పడవ కావాలంటే పిలువు."

భానోజీ చెప్పులు చేత్తో పట్టుకుని దిగాడు. ఇసక మంచుగడ్డలా ఉంది. వెనక్కి తిరిగేసరికి మాస్టారు లేడు. గెడ నీళ్ళల్లో పడ్డ చప్పుడు ఒకసారి వినపడింది. రెండోసారి వినపడలేదు.

భానోజీ కాసేపు నిలబడ్డాడు. గురువుగారి చాదస్తం తెలిసిందే. చిన్నప్పుడొకసారి తను 'ప్రామిస్' అన్న మాటని తప్పుగా వాడితే, అది అర్థమయ్యేదాకా రోజూ ఒక మామిడిపండు తెచ్చిస్తానని ఆయన మాటిచ్చి, వర్షంలో కూడా తెచ్చిచ్చాడు. ఇదీ అలాంటిదే. పిలిస్తే అయిపోతుంది.

గొంతు సవరించుకున్నాడు. "ఓ పోతయ్యా... పడవా..." అని పిలిచాడు. నాటకంలో పద్యం ఎత్తుకున్నట్టు వచ్చింది. తనకే నవ్వొచ్చింది.

బదులు లేదు.

మళ్ళీ పిలిచాడు. మంచు ఆ మాటను గోనెలో వేసుకుని మూతి కట్టేసినట్టుగా ఉంది. పిలిచినవాడి చెవికే సరిగా చేరలేదు. అటూ ఇటూ నడిచాడు. ఎటు నడిచినా నాలుగడుగుల్లో నీళ్ళు. ఇందాక ఇటువైపు ఇంకాస్త ఇసక ఉండాలే అనుకున్నాడు. వంగి చూశాడు. తన అడుగుజాడల్లోకి నీళ్ళు ఊరుతున్నాయి.

పోటు మొదలైంది.

"మాస్టారూ!" అన్నాడు.

ఇక్కడే గొంతు మారింది. ఆయనకి తెలియలేదు. నీళ్ళు చీలమండలకి తగిలాయి. "మాస్టారూ! పోతయ్యా! పడవ తీసుకురా! తొందరగా రా, పోతయ్యా, తొందరగా!"

అప్పుడు ఒడ్డు వినపడింది.

ఒడ్డు అంత దగ్గరని అప్పటిదాకా తెలియదు. మనుషుల మాట కాదు వినపడింది. తలుపు మూసిన చప్పుడు. గడియ పడ్డ చప్పుడు. ఆ పక్కింటి తలుపు. ఆ వెనకింటిది. ఊరంతా వరసగా తలుపులు మూసుకుంటోంది. ఆయన పిలిచినకొద్దీ మూసుకుంటోంది.

పోతయ్య చెప్పింది గుర్తొచ్చింది. నెమ్మదిగా పిలవాలి. ఊపిరి తీసుకోవాలి, గొంతు దించాలి. మాట తెలుసు. తెలుగులో తెలుసు, ఇంగ్లీషులో తెలుసు, వాక్యంలో ఎక్కడ పెట్టాలో తెలుసు. నోరు తెరిచాడు. "పోతయ్యా రా రా తొందరగా!" అని అరిచాడు. నెమ్మది అన్న మాట తలలో ఎక్కడో ఒంటరిగా నిలబడి ఉంది. గొంతు దాన్ని చూడకుండా పరిగెత్తుతోంది.

నీళ్ళు పిక్కలదాకా వచ్చాయి.

అప్పుడు, ఎడమ పక్కనించి, అంత దగ్గర్లోనే, ఎవరో పిలిచారు.

"పోతయ్యా! తొందరగా రా, పోతయ్యా!"

భానోజీకి ప్రాణం లేచొచ్చింది. ఇంకో మనిషి ఉన్నాడు! "ఎవరది? ఎవరండీ?" అంటూ అటు నడిచాడు. నీళ్ళు మోకాళ్ళ దగ్గరికొచ్చాయి, మనిషి కనపడలేదు. ఆగాడు. గొంతు ఇప్పుడు కుడి పక్కనించి వచ్చింది. మాట మీద మాట పడుతూ, ఎగరొప్పుతూ. వినగా వినగా అది తన గొంతుకి జవాబు కాదని తెలిసింది. తన ఉనికే దానికి తెలియదు. ఒడ్డు వైపు తిరిగి పిలుస్తోంది. ఎప్పట్నించో పిలుస్తోంది.

భానోజీ అరవడం ఆపేశాడు.

ఆగాక, ఆ రెండోవాడి పిలుపు బాగా వినపడింది. "మా అమ్మాయి చూత్తా ఉంటదిరా, పోతయ్యా," అంటోంది మధ్యలో. అది తనకి తెలియని మాట. తను అనని మాట.

భానోజీ కళ్ళ ముందు కృపావతి పుస్తకం కదిలింది. ఎర్రసిరా కదిలింది. నిన్న పిరికితనం అనుకున్నాడు. ఇప్పుడు తన గొంతూ అదే దారి పట్టింది. ఈ ఇసక మీద నిలబడి వీడు పిలిచినట్టే తనూ పిలిచాడు. ఇద్దరికీ ఏం తేడా ఉంది?

ఆయన కదలడం మానేశాడు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, దాటనిచ్చాడు. చేతిలో చెప్పులున్నాయని అప్పుడు గుర్తొచ్చి వదిలేశాడు. అవి ఎటు పోయాయో చూడలేదు. ఊపిరి తీసుకున్నాడు. అది మధ్యలో తెగింది. మళ్ళీ తీసుకున్నాడు. తనని ఎవరో గడపలో పీట వేసి కూర్చోబెట్టినట్టు, ఇవాళ కాకపోతే రేపైనా ఏరు దాటొచ్చన్నట్టు, గొంతు దించి పిలిచాడు.

"ఓ... పోతయ్యో..."

ఆగాడు. చుక్కలు పడుతున్న చప్పుడు విన్నాడు.

"పడవో..."

"గట్టిగా అరవకు. ఇక్కడే ఉన్నాను," అన్నాడు ప్రభుదాసు మాస్టారు.

దోనె ముక్కు మంచులోంచి చేతికి తగిలింది. అంత దగ్గర. భానోజీ దాని అంచు పట్టుకుని, ఎక్కలేక ఎక్కి, అడుగున కూలబడ్డాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"మీరు... ఇంతసేపూ..."

"గెడ గుచ్చి ఇక్కడే కూర్చున్నాను."

"నేను మునిగిపోతే?"

"నీ జుట్టు నాకు అందుతూనే ఉందిరా. నీకు నా చెయ్యే కనపళ్ళేదు."

భానోజీకి కోపం రావలసింది. రాలేదు. తిప్ప ఉన్నచోట ఇప్పుడు నీళ్ళే. ఆ నీళ్ళ మీద ఆ గొంతు ఇంకా పిలుస్తోంది. పోతయ్యా, తొందరగా, పోతయ్యా.

"వెళ్దాం పదండి మాస్టారూ."

మాస్టారు గెడ తియ్యలేదు. "వాడికి చెప్పు," అన్నాడు.

"ఎవరికండీ?"

"పిలుస్తున్నాడుగా, వాడికి."

భానోజీ ఆయన మొహంలోకి చూశాడు. హాస్యం లేదు. "నేనెలా చెప్పనండీ? మీరు పిలవండి."

"ఏడాదిగా పిలుస్తున్నాను. నేనేనాడూ ఆ తిప్ప మీద నిలబడి భయపడలేదుగా. నా మాట వాడి చెవికెక్కదు."

మాస్టారు గెడ మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. పోటునీరు దోనెని నెమ్మదిగా ఊపుతోంది.

భానోజీ లేచి నిలబడ్డాడు. వణుకు తగ్గేదాకా ఆగాడు. పిలిచాడు.

"ఓ... పోతయ్యో..."

"పోతయ్యా పోతయ్యా తొందరగా!" అంది మంచు.

తరగతిలో అయితే ఇక్కడ ఆయన బల్ల మీద బెత్తంతో కొట్టేవాడు. తప్పు అనేవాడు. ఇప్పుడు అలా అనబుద్ధి కాలేదు. "కాదులే, పరవాలేదు," అన్నాడు చీకట్లో పిల్లాడితో అన్నట్టు. "నాకూ అలాగే వచ్చింది. మళ్ళీ అందాం. ఓ... పోతయ్యో..."

"ఓ పోతయ్యా, తొందరగా!"

"తొందరగా అన్నది వదిలెయ్యి. మనకేం తొందర లేదు. నేనున్నాను. ఓ..."

కాసేపు ఏమీ లేదు. నీళ్ళు దోనె పక్కల్ని తడుతున్నాయి. తరవాత ఒక ఊపిరి వినపడింది. పొడుగాటి ఊపిరి. నీళ్ళ మీదినించి వచ్చింది. మధ్యలో తెగింది. మళ్ళీ మొదలైంది. భానోజీ దానితోపాటే ఊపిరి పట్టి వదిలాడు.

"ఓ..." అంది గొంతు. "పోతయ్యో..."

ఆగింది.

"పడవో..."

లంకలో తీరికున్న మనిషి ఎవరైనా సరే, ఎండాకాలం సాయంత్రం పొగాకుతోటలో పని ముగించుకొచ్చి అలాగే పిలుస్తాడు.

ఒడ్డున ఎక్కడో ఒక గడియ తీసిన చప్పుడైంది. ఇంకొకటి. ఇంకొకటి. తలుపులు తెరుచుకుంటున్నాయి. ఎవరో ఇసకలో పరిగెత్తుకొచ్చి నీళ్ళ అంచున ఆగారు. ఆ తరవాత పోతయ్య గొంతు వినపడింది. మొదటి అక్షరం పలకలేక పలకలేక పలికి, అక్కణ్ణించి కట్టుబాటు ప్రకారం సాగదీశాడు.

"వత్తన్నానో..."

దోనె వెనకభాగం కిందికి దిగింది.

భానోజీ అటు చూడలేదు. చూడాలన్న కోరిక మెడ దాకా వచ్చి ఆగిపోయింది. మనిషి ఎక్కితే దిగినంత దిగింది, అంతే. బల్ల కిర్రుమంది. తడి వలల వాసన వచ్చింది. మాస్టారు గెడ లాగి నీళ్ళల్లో వేశాడు. ముగ్గురు కూర్చున్న దోనెని నెట్టేటప్పుడు ఎంత బలం పెడతారో అంత బలం పెట్టి నెట్టాడు. దారి పొడుగునా ఎవరూ తొందరపడలేదు.

రేవులో ఊరంతా ఉన్నారు. మంచులో మొహాలు తెలియడం లేదు, నిలబడ్డ ఆకారాలే. పోతయ్య మోకాలిలోతు నీళ్ళల్లోకి వచ్చి దోనె ముక్కు పట్టుకున్నాడు. వెనకభాగం ఒక్కసారి తేలికై పైకి లేచింది. పోతయ్య పట్టు వదల్లేదు.

గట్టు మీద జనం ఇటూ అటూ తప్పుకుని మధ్యలో దారి విడిచారు. మనిషి పట్టేంత దారి. నల్లచీర కట్టుకున్న ఒకావిడ, కృపావతి తల్లి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ దారి వెంట ఇంటివైపు నడిచింది. ఆవిడ పక్కన ఇంకొకళ్ళు నడవడానికి చోటుంది. ఆ చోటు ఎవరూ తొక్కలేదు.

కృపావతి తల్లి వెంట వెళ్ళలేదు. చలికి చేతులు చంకల్లో పెట్టుకుని రేవులోనే నిలబడింది. తడిసి ముద్దయిన భానోజీని కాళ్ళ దగ్గర్నించి చూసింది. చెప్పుల్లేని ఆ కాళ్ళని కాసేపు చూసింది.

"సార్," అంది. "ఇవాళ బడుందాండీ?"

భానోజీ తల ఊపాడు. ఆ పిల్ల కూడా తల ఊపి, గట్టెక్కి వెళ్ళిపోయింది.

జనం పల్చబడ్డారు. మాస్టారు దోనెని కొయ్యకి కడుతున్నాడు. ముడి వేసి, లాగి చూసి, మళ్ళీ ఇంకో ముడి వేస్తున్నాడు. భానోజీ పక్కకొచ్చి నిలబడ్డాడు. 

"నాకు పాఠం చెప్పడానికేనా మాస్టారూ, నన్ను అక్కడ దింపింది?"

ప్రభుదాసు మాస్టారు నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఏటివైపు ఒకసారి చూశాడు. మంచులో ఏ గొంతూ లేదు.

"ఒక్క పిల్లాడికే పాఠం చెప్పి ఊరుకోవడం నాకెప్పుడూ చేతకాలేదురా," అన్నాడు.